ఎరువు డ్రమ్ము మీద ఆకు

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీగారు ఒక ప్రకటన పెట్టారు. తడిచెత్తతో ఎరువు చేయడానికి వెనకవైపు పెట్టించిన తొట్లలో ఎలుకలు చేరాయనీ, శనివారం మందు పెట్టేవాళ్ళు వస్తున్నారనీ, ఆ రోజు పిల్లల్ని అటువైపు పంపవద్దనీ దాని సారాంశం. కింద ఒక చచ్చిన ఎలుక ఫొటో. దానికి ఒకరు చప్పట్ల బొమ్మ పెట్టారు, ఇంకొకరు ఎందుకో దణ్ణం బొమ్మ పెట్టారు. నేను ఆ ప్రకటనను యథాతథంగా మా బావకు పంపాను. బావ అంటే మా అక్క భర్త. ఇప్పుడు గుంటూరులో విశ్రాంతిగా ఉంటున్నాడు. పుట్టినరోజు శుభాకాంక్షలు పంపినా, ఎవరో పోయారన్న కబురు పంపినా, తిరుగు టపాలో బొటనవేలు బొమ్మ ఒక్కటే పంపే మనిషి. ఈసారి అదీ రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు గనక నేనూ రెట్టించలేదు.

తొంభైల మొదట్లో నాకు దోహాలో ఉద్యోగం దొరికింది. ఆఫీసు అల్ ముంతజాలో, కాపురం ఐన్ ఖాలిద్‌లో. కాపురం అన్నానే గాని అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. అక్కా బావల ఇంట్లో ముందుగదిలో ఒక మంచం, దాని కింద ఒక పెట్టె, అదే నా కాపురం. అప్పటి ఐన్ ఖాలిద్ ఊరవతల లెక్క. అక్కడో విల్లా, ఇక్కడో విల్లా, మధ్యలో కావలసినంత ఇసుక. మా ఇంటాయన ఖతరీ ముసలాయన. ముందున్న పెద్ద ఇంట్లో తను ఉంటూ, వెనకున్న చిన్న వాటా మాకిచ్చాడు. మా వాటాకి ఒక పెరడు, ఆ పెరటి గోడకి ఆనుకొని ఆయన మేకల దొడ్డి. ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు ఆ వాసనకి మా అక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుందట. మా బావ మాత్రం ఆ వాసన చూసే అడ్వాన్సు ఇచ్చేశాడు. మేకలుంటే పెంట ఉంటుంది, పెంట ఉంటే మట్టి చేసుకోవచ్చు అని ఆయన లెక్క.

మట్టి చేసుకోవడం ఏమిటని మీరు అడగవచ్చు. ఆ దేశంలో బంగారం నుంచి బంగాళాదుంపల దాకా అన్నీ దొరికేవి, మట్టి ఒక్కటే దొరికేది కాదు. పల్నాటి నల్లరేగడిలో పుట్టి పెరిగిన మా బావకి ఆ ఇసుకను చూస్తే ఎవరో పని కట్టుకొని తనను అవమానించినట్టుండేది. కంపెనీ సైటు నుంచి ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి, అడుగు కోసేసి, చుట్టూ బెజ్జాలు పెట్టి పెరట్లో నిలబెట్టాడు. కూరగాయల తొక్కలు, టీపొడి పిప్పి, రాలిన ఆకులు, మేకపెంట, పైన పిడికెడు ఇసుక, ఇలా పొరలు పొరలుగా వేసి, నీళ్ళు చిలకరించి, కొన్నాళ్ళకోసారి పారతో తిరగేసేవాడు. చెయ్యి లోపల పెట్టి వేడి చూసి, జ్వరం చూసిన డాక్టరులా తల ఊపేవాడు. అలా తయారైన నల్లటి ఎరువులో గోంగూర వచ్చింది, తోటకూర వచ్చింది, కరివేపాకు మొక్క బతికి బట్టకట్టింది. శుక్రవారం సెలవునాడు తెలుగువాళ్ళు ఎవరెవరో మా అక్క ఆరోగ్యం కనుక్కోవడానికి వచ్చి గోంగూర కట్టతో వెళ్ళేవారు.

అసలు మా బావ ఆ దేశానికి వచ్చింది తాపీ పని వీసా మీద. జీవితంలో తాపీ పట్టింది లేదు, డిగ్రీ చదివినవాడు. వచ్చాక ఒక కంపెనీలో స్టోర్‌కీపర్ అయ్యాడు. గల్ఫులో ఇది వింత కాదు. కాగితం మీద పని ఒకటి, చేతిలో పని ఇంకొకటి. మా ఇంటాయన దగ్గర కారు నడిపే కడప అబ్బాయి మేకల కాపరి వీసా మీద వచ్చాడు, పక్కనే దొడ్డి ఉన్నా ఏనాడూ ఒక మేకను తాకి ఎరగడు. కాగితంలో ఉన్న పనే చేసేవాడు ఎక్కడైనా కనిపిస్తే మేం కొంచెం అనుమానంగా చూసేవాళ్ళం.

మా అక్కకి నెలలు నిండుతున్నాయని పురుడు పోయడానికి మా బావ వాళ్ళమ్మ వచ్చింది. నాకు అత్తయ్య వరస. విమానం ఎక్కడం అదే మొదలు. పెట్టె నిండా ఆవకాయ, సున్నిపిండి, కాయం, పాత చీరలు, ఆ చీరల మడతల్లో నాలుగు చుట్టలు. చుట్టలెందుకని అక్క అడిగితే "ఉండనియ్యమ్మా, ఉంటే చెడిపోయేదేముంది" అంది. ఆ చుట్టలు మామయ్యవి, అంటే బావ వాళ్ళ నాన్నవి. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. ఆ కబురు వచ్చినప్పుడు, కంపెనీ దగ్గరున్న పాస్‌పోర్టు చేతికొచ్చి, టికెట్టు దొరికి, మా బావ ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. కొడుకు తండ్రి ముఖం చూడలేదు, తండ్రి కొడుకు దోహాలో పెట్టిన ఇల్లు చూడలేదు. దీని గురించి మా బావ ఎవరితోనూ మాట్లాడింది లేదు. అత్తయ్య మాత్రం వచ్చిన మొదటి రోజే ఇల్లంతా తిరిగి చూసి, పెరట్లో నిలబడి, "మీ నాన్న చూళ్ళేదురా ఇదంతా" అంది. బావ వినపడనట్టు డ్రమ్ములో నీళ్ళు పోస్తూ ఉండిపోయాడు.

ఊళ్ళో అత్తయ్య ఇంట రెండు గేదెలు. మిగిలిన అన్నం, బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తొక్కలు, అన్నీ కుడితి తొట్టిలోకి వెళ్ళేవి. ఆ చేత్తో తిండి వస్తువు చెత్తబుట్టలో పడెయ్యడం జరగని పని. ఇక్కడ నల్లటి ప్లాస్టిక్ సంచీలో అన్నం పోసి మూతి కట్టి వీధి డబ్బాలో పడేస్తున్నారని తెలిసి ఆవిడకి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజున బావ డ్రమ్ములో తొక్కలు వేయడం చూసింది. అంతే, అది కుడితి తొట్టి అయిపోయింది. రాత్రి మిగిలిన అన్నం, అడుగంటిన పప్పు, ఇడ్లీ ముక్కలు అందరికన్నా ముందే లేచి అందులో పోసేది. తినే గేదె లేకపోయినా ఆవిడకి తృప్తిగా ఉండేది. మగవాళ్ళం ఆఫీసులకి పోయేవాళ్ళం, అక్క నడుము పట్టుకొని మంచం మీద ఉండేది, ఎవరూ గమనించలేదు.

చలికాలం వచ్చింది. ఎడారి చలికి ఎక్కడెక్కడి చిట్టెలుకలో వెచ్చగా ఉన్న చోటు వెతుక్కుంటూ వస్తాయి. మా డ్రమ్ములో వెచ్చదనంతో పాటు భోజనం కూడా ఏర్పాటై ఉంది. ఒకరోజు బావ పారతో పైపొర కదిపితే బొటనవేలంత ఎలుక ఒకటి ఆయన చేతి మీదుగా పరుగెత్తి బెజ్జంలోంచి బయటపడింది. ఆ తర్వాత చూస్తే ఒకటి కాదు, ఒక కుటుంబం కాదు, చిన్న పేట ఉంది. మా అక్క ఆ రోజు నుంచి పెరటి తలుపు గడియ వేసేసింది. పసిబిడ్డ రాబోయే ఇల్లు ఇది, ఎలుకలైనా ఉండాలి, నేనైనా ఉండాలి అంది. అక్కే ఉండాలన్న దాంట్లో బావకి సందేహం లేదు గాని, ఎలుకల్ని ఎలా పంపించాలో తెలియలేదు.

ముందు బోను పెట్టాడు. కాల్చిన కొబ్బరిముక్కకి ఆశపడి ఒకటి చిక్కింది. చంపడానికి చేతులు రాక, దాన్ని బోనుతో సహా కారులో అల్ వక్రా దారి దాకా తీసుకుపోయి ఇసుకలో వదిలిపెట్టి వచ్చాడు. కడప అబ్బాయి గోడ మీదుగా చూసి, "అది మల్లా ఎవురి బండైనా ఆపి వచ్చేస్తాదిలే అన్నా" అన్నాడు. తర్వాత ఎవరో చెబితే జిగురు అట్టలు తెచ్చి డ్రమ్ము చుట్టూ పరిచాడు. వాటికి ఎలుక అంటలేదు. ముసలాయన పిల్లి అంటుకుంది. అది భయపడి గోడ దూకి, తోకకి అట్టతో సహా పెద్దింట్లోకి పోయి, అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో తివాచీ మీద గిరగిరా తిరిగిందట. ఆ వేళ ముసలాయన వియ్యంకుల తరఫు పెద్దలు కాఫీ తాగుతున్నారట. ఈ వైభవం మేం కళ్ళారా చూడలేదు, కడప అబ్బాయి వచ్చి చెప్పాడు. "ముసలాయన మండిపడతాండాడన్నా. వచ్చే వారం బలదియా వాళ్ళను పిలిపిచ్చి మందు పెట్టిస్తాడంట. ఎలకలు మాఫీ, డ్రమ్ము మాఫీ అన్నాడు" అన్నాడు. బలదియా అంటే అక్కడి మున్సిపాలిటీ, మాఫీ అంటే అక్కడి అరబ్బీలో ఇక లేదు, ఉండదు అని. మా అక్కకి ఇది శుభవార్త. బావ డ్రమ్ము వైపు చూసి, ఎలుకలతో పాటు మట్టి కూడా పోతోందని దిగులుపడ్డాడు.

సరిగ్గా ఆ మధ్యలోనే మామయ్య తిథి వచ్చింది. ఊళ్ళో పెద్దకొడుకు ఎలాగూ పెడతాడు. అయినా అత్తయ్య ఇక్కడ కూడా ఒక ఆకు వెయ్యాల్సిందేనంది. "నీ ఇల్లు చూళ్ళేదుగా. ఈ ఒక్కసారి ఇక్కడ తిని పోతాడు" అంది. బావ మలయాళీ కొట్టుకి పోయి అరిటాకులు తెచ్చాడు. గారెలు, పాయసం, పప్పు, పెరటి గోంగూర పచ్చడి, తెల్లటి అన్నం, పక్కన ఒక చుట్ట. ఆకు కింద పెడితే మేకలో పిల్లులో ముట్టుకుంటాయని డ్రమ్ము మూత మీద పెట్టారు. ఇక కాకి రావాలి. కాకి ముట్టాకే మేం తినాలి.

దోహాలో కాకులు అసలే లేవని నేను అనను. రేవు వైపు ఎప్పుడో ఒకటి చూశామని చెప్పినవాళ్ళు ఉన్నారు. ఐన్ ఖాలిద్‌లో మాత్రం నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య వంటింటి కిటికీ దగ్గర ముక్కాలిపీట వేసుకు కూర్చుంది. బావ పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. కాకిని ఎలా పిలవాలో ఆయనకి తెలుసు, కానీ పరాయి దేశంలో గోడవతల మనుషులు వింటుండగా కావుకావుమనడానికి మొహమాటపడి, గొంతులోనే ఏదో అన్నాడు. రెండు పావురాలు వచ్చి, ఆకు చుట్టూ తిరిగి, ముక్కు పెట్టకుండా వెళ్ళిపోయాయి. ఎండ గోడ దిగింది. అక్కకి నీరసం వస్తుందని అత్తయ్యే బలవంతంగా అన్నం పెట్టింది. నేను ఆకలితో, చెప్పాలంటే విసుగుతో, ఈ తతంగం ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తున్నాను. అప్పుడు మా బావ ముఖం చూశాను. పరీక్షా ఫలితాల బోర్డు ముందు నంబరు కనపడని పిల్లాడి ముఖం అది. ఇది ఆయనకి తతంగం కాదని అప్పుడు అర్థమైంది. తండ్రి వస్తాడా రాడా అన్నది ఆయనకి నిజంగానే తేలవలసిన విషయం. నా విసుగు పోయి భయం వేసింది.

పొద్దు వాలబోతుండగా మూత అంచు కింద నుంచి ఒక చిట్టెలుక పైకి వచ్చింది. మీసాలు ఆడించింది. అన్నం వదిలి, పాయసం వదిలి, సూటిగా గారె దగ్గరకి పోయి కొరకడం మొదలుపెట్టింది. బావ చేతిలోకి చెప్పు తీసుకున్నాడు. కిటికీలోంచి అత్తయ్య, "కొట్టబాకురా!" అని కేకేసింది. ఆ కేకకి బావ అదిరిపడ్డాడు గాని ఎలుక అదరలేదు. "గారె ముందు తినడం మీ నాన్న అలవాటేగా. చూడు, అన్నం జోలికి పోయాడా?" అంది. బావ, "అమ్మా, అది ఎలుకే. కాకి కాదు" అన్నాడు. అత్తయ్య లేచి గుమ్మంలోకి వచ్చింది. "నువ్వు తాపీ పని వీసా మీద వచ్చి కొట్టు చూసుకుంటన్నావు. ఆ డ్రైవరబ్బాయి మేకల వీసా మీద వచ్చి కారు తోలుతున్నాడు. మీ నాన్నకి కాకి వీసా ఎవరిస్తార్రా ఇక్కడ? దొరికిన వీసా మీద వచ్చాడు" అంది.

నాకు నవ్వొచ్చింది. అక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ నవ్వలేదు. చెప్పు కింద వదిలేసి, గుమ్మం మెట్టు మీద కూర్చొని, ఆ ఎలుక కడుపు నిండా తినేదాకా చూశాడు. తర్వాత ఇంకొకటి వచ్చింది, చుట్టను నోట కరుచుకొని ఈడ్చుకుంటూ మూత కిందికి పోయింది. అప్పుడు ఏడ్చాడు మా బావ. రెండేళ్ళ కిందట ఊరు వెళ్ళి వచ్చినప్పుడు కూడా ఆయన ఏడవడం నేను చూడలేదు. అత్తయ్య ఓదార్చలేదు. "లెయ్యి, అన్నాలు తిందాం, ఆయన తిన్నాడుగా" అని లోపలికి పోయి ఆకులు వేసింది.

తెల్లారేసరికి ఇంట్లో కొత్త చిక్కు వచ్చింది. ఎలుకలకి మందు పెట్టడానికి వీల్లేదని అత్తయ్య. "మీ మామ అన్నం తిన్న వాటికి విషం పెట్టిస్తావా?" అని ఆవిడ అంటే, "పసిబిడ్డ ఉయ్యాల్లో ఉంటే ఎలకలు తిరిగితే ఎట్లా అత్తయ్యా?" అని మా అక్క. ఇద్దరి మాటా సబబే. మధ్యలో నలిగింది బావ. చివరికి సాయంత్రం నన్ను వెంటబెట్టుకొని మజ్లిస్‌కి బయల్దేరాడు. ముసలాయన వయసులో ఉన్నప్పుడు బొంబాయి రేవులో వ్యాపారం చేసినవాడు, హిందీ బాగానే వచ్చు. వచ్చిన దాన్ని కరాఖండిగా మాట్లాడేవాడు. చిన్న గిన్నెల్లో కాఫీ పోశాడు, ఖర్జూరాలు ముందుకు తోశాడు, పిల్లి సంగతి ఎత్తలేదు. అదే మాకు ఎక్కువ భయం కలిగించింది. మా బావ, "బాబా, మేరా బాప్ కా ఖానా చూహా ఖాయా. మా బోల్తీ, మారో మత్" అన్నాడు. మా నాన్న అన్నం ఎలుక తిన్నది, దాన్ని చంపొద్దని మా అమ్మ అంటోంది అని.

ముసలాయన ఆయన వైపు తిరిగాడు. "తేరా బాప్ కిధర్?" అని అడిగాడు, మీ నాన్న ఎక్కడని. "మర్ గయా, బాబా" అన్నాడు బావ. ముసలాయన గిన్నె కింద పెట్టి, పోయిన మనిషిని దేవుడు కరుణించాలని అరబ్బీలో ఒక మాట అనుకున్నాడు. ఎలుక గురించి ఇంకేమీ అడగలేదు. పోయినవాడి అన్నం ఎలుక తినడమనే మాట తన మతానికి పొసగదు, మా మతానికీ పూర్తిగా పొసగదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "చూహా చూహా హై. లేకిన్ మా బోలీ తో క్యా కరేగా" అన్నాడు. ఎలుక ఎలుకే గాని, అమ్మ చెప్పాక నువ్వు మాత్రం ఏం చేస్తావని. వచ్చే శుక్రవారం దాకా బలదియా వాళ్ళను ఆపుతాననీ, ఈలోగా వాటిని మేమే ఎలాగైనా సాగనంపాలనీ తీర్పు చెప్పాడు.

ఎలా సాగనంపాలి? బావ డ్రమ్ము పక్కన కూర్చొని పైపొర చేత్తో తీసి చూస్తే అన్నం మెతుకులు, పప్పుబద్దలు. ఎరువులో వండిన తిండి పడితే ఎలుకలు రాక చుట్టాలొస్తారా! తల్లికి ఎలా చెప్పాలో తెలియక ఒక పూటంతా నసిగి చివరికి చెప్పాడు. అత్తయ్య, "అయితే కుడితి పోసి నేనే సాకానంటావు" అంది. "అవునమ్మా" అన్నాడు. ఆవిడ ఆ దేశం వచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. ఆ మర్నాటి నుంచి మిగిలిన అన్నం గోడవతల మేకలకి వెళ్ళింది. మేకలు కళకళలాడాయి, ముసలాయన ప్రసన్నుడయ్యాడు.

గడువు శుక్రవారం పొద్దున డ్రమ్ము తిరగేశాం. ఎండిన చోటంటేనే వాటికి ఇష్టమని బావ ముందు రెండు రోజులు బాగా తడిపి ఉంచాడు. చాలావరకు అప్పటికే వెళ్ళిపోయాయి. ఒక మూల మాత్రం పొడిగా మిగిలింది. అక్కడ అరిటాకు పీలికలు, చుట్ట పొగాకు తుంపులు కలిపి అల్లిన గూడు, అందులో కళ్ళు తెరవని ఎర్రటి పిల్లలు. తల్లి పారిపోయింది. బావ పార అలాగే పట్టుకొని నిలబడిపోయాడు. పెరటి తలుపు ఇన్నాళ్ళకి తన చేత్తో తెరిచి మా అక్క గుమ్మం దాకా వచ్చింది. పొట్ట మీద చెయ్యి వేసుకొని చూసి, "వాళ్ళమ్మ మళ్ళీ వస్తుందా?" అని అడిగింది. అత్తయ్య గూడును గూడుగానే పార మీదికి ఎత్తించి, గోడవతల మేకల గడ్డి మోపు వెనక పెట్టించింది. ముసలాయనకి ఈ సంగతి చెప్పలేదు. మేకల దొడ్లో ఎలుకలుండటం ఆయన సొంత వ్యవహారమని మేం నలుగురం అనుకున్నాం. డ్రమ్ముకి అడుగునా చుట్టూ బావ సన్నటి ఇనుప వల బిగించాడు. మేనకోడలు పుట్టింది. దానికి నెలలు వచ్చి మెడ నిలిచాక అత్తయ్య ఊరికి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు తిథికి బావ ఎవరితోనూ ఏమీ అనలేదు. కానీ వారం ముందు నుంచి రోజూ పొద్దున్నే ఆయన పెరట్లోకి పోవడం నేను చూశాను. ఒకరోజు కిటికీలోంచి చూస్తే, ఇనుప వల ఒక పక్క విప్పి, గుప్పెడు అన్నం డ్రమ్ములో వేస్తున్నాడు. ఎవరైనా తొక్కలతో పాటు మెతుకు వేస్తే ఊరుకోని మనిషి. అక్కా చూసింది. చూసి, రాత్రి వండేటప్పుడు పిడికెడు బియ్యం ఎక్కువ పోసింది. తిథినాడు సెలవు పెట్టాడు. అక్క గారెలు వండింది. డ్రమ్ము మూత మీద ఆకు వేసి, మెట్టు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది, ఆకులో అన్నం గాలికి ఎండి పలుకులు కట్టింది. కాకి రాలేదు. ఎలుకా రాలేదు. చీకటి పడ్డాక లేచి లోపలికి వచ్చి ఊరికి ఫోన్ కలిపాడు. ఊళ్ళో కొట్టాయన ఇంట్లో ఫోను ఉండేది, అత్తయ్యను పిలిపించారు. "ఏమ్మా, అక్కడ తిన్నాడా?" అని అడిగాడు. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి గనక పక్కనున్న నాకూ వినపడింది. "ఆకు పెట్టీ పెట్టకముందే వాలాడు. ఏం, అక్కడ కూడా పెట్టావా? అక్కడికెట్టా వస్తాడ్రా పిచ్చినాయనా, నేను లేకుండా ఆయన ఒక్కడే ఏ ఊరెళ్ళాడు గనక?"

"సరేలే అమ్మా" అని బావ ఫోను పెట్టేశాడు. పెరట్లోకి పోయి ఆకును అలాగే డ్రమ్ములో వేసి, పారతో అడుగుదాకా తిరగేసి, వల మళ్ళీ బిగించాడు. తర్వాత చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాడు, ఇంకెప్పుడూ ఆకు పెట్టలేదు. పెద్దవాళ్ళు మన ఇంటికి వచ్చే ఏడు ఒకటి ఉంటుంది. అది దాటిపోయాక గాని, ఆ ఏడు అదేనని మనకు తెలియదు.